నాబ్‌కి ఏమీ తెలియదు: మిడి కంట్రోలర్ మ్యాపింగ్ లోపలి లెక్క

కోర్గ్ కంపెనీది నానోకంట్రోల్2 అని ఒక చిన్న మిడి కంట్రోలర్ ఉంది. మిడి అంటే వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానికొకటి అంకెల్లో సందేశాలు పంపుకునే ప్రమాణం. కంట్రోలర్ తాను మోగదు, ఆ సందేశాలు పంపుతుంది. ల్యాప్‌టాప్ ముందు సన్నగా పరుచుకునే పలక. పైకీ కిందికీ జరిపే ఫేడర్లు ఎనిమిది, తిప్పే నాబ్‌లు ఎనిమిది, ఒక్కో ఫేడర్ పక్కన ఎస్, ఎమ్, ఆర్ అని మూడేసి బటన్లు. దీన్ని మామూలు సీసీ (కంట్రోల్ ఛేంజ్) మోడ్‌లో యూఎస్‌బీకి తగిలించి, సెట్టింగులేవీ ముట్టుకోకుండా, ఏదో ఒక స్ట్రింగ్స్ ప్లగిన్ (వయొలిన్ల బృందంలా మోగే సాఫ్ట్‌వేర్ వాద్యం) తెరిచి వాయిస్తూ ఎనిమిదో ఫేడర్ కిందికి లాగండి. చాలా ప్లగిన్లలో సౌండ్ తగ్గిపోతుంది. రెండో ఫేడర్ పైకి తోస్తే వయొలిన్లు మెత్తదనం వదిలి గట్టిపడతాయి. మొదటి వరుసలోని ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే సస్టైన్ పెడల్ తొక్కినట్టు స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. ఎవరూ ఏదీ అసైన్ చెయ్యలేదు. అయినా అన్నీ ఏదో ఒకదానికి తగులుకునే ఉన్నాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. ఆ పలక ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఫేడర్లకు 0 నుంచి 7, నాబ్‌లకు 16 నుంచి 23, ఆర్ బటన్లకు 64 నుంచి 71 అని నంబర్లు ఇచ్చి పంపారు. ఫేడర్లను సున్నా నుంచి లెక్కపెట్టారు కాబట్టి రెండోదానికి 1 వచ్చింది, ఎనిమిదోదానికి 7 వచ్చింది. మిడి ప్రమాణంలో 1 అంటే మాడ్యులేషన్, 7 అంటే వాల్యూమ్, 64 అంటే సస్టైన్ పెడల్. ప్లగిన్ ఆ నంబర్లు చూసి తనకు తెలిసిన అర్థం తీసుకుంది. కోర్గ్ వైపు తప్పు లేదు, ప్లగిన్ వైపూ తప్పు లేదు. వాళ్ళిద్దరి మధ్య మాటామంతీ ఎప్పుడూ జరగలేదు, అంతే.

మ్యాపింగ్ గురించి తెలుసుకోవాల్సినదంతా దాదాపు ఇక్కడే ఉంది. నాబ్‌కి తాను ఏ పని చేస్తున్నదో తెలియదు. తిప్పినప్పుడల్లా మూడు అంకెలు పంపుతుంది. మొదటి ఛానెల్లో ఏడో నంబర్ కంట్రోలర్ అయితే ఆ మూడూ 176, 7, 93 లాగా ఉంటాయి. 176 అంటే ఇది కంట్రోల్ ఛేంజ్, ఛానెల్ 1 అని. 7 కంట్రోలర్ నంబర్. 93 అనేది 0 నుంచి 127 వరకు ఉన్న కొలతలో ఇప్పుడు నాబ్ ఎక్కడుందో చెప్పే విలువ. కటాఫ్ (ఫిల్టర్ శబ్దాన్ని కోసే చోటు) అనీ రివర్బ్ (గది మారుమోత) అనీ ఎక్కడా రాసి ఉండదు. కొత్త ఫంక్షన్ హాల్లో స్విచ్ బోర్డు ముందు నిలబడ్డట్టే. ఇరవై స్విచ్‌లు ఉంటాయి, ఏది స్టేజీ లైటో ఏది వంటగది ఫ్యానో స్విచ్‌కి తెలియదు. వైరింగ్ చేసినవాడి దగ్గర ఉంటుంది ఆ సంగతి. మిడిలో వైరింగ్ అంటే ఎవరో ఒకరు రాసిపెట్టుకునే చిన్న పట్టిక: ఫలానా నంబర్ వస్తే ఫలానా పారామీటర్ (శబ్దంలో మార్చగల ఒక్కో సెట్టింగు) కదిలించు. ఆ పట్టిక ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న. నాబ్ పనిచెయ్యట్లేదని, నిన్న పనిచేసింది ఇవాళ లేదని, ఒకటి తిప్పితే రెండు కదులుతున్నాయని వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్నకి జవాబు తెలియకపోవడమే.

పాత హార్డ్‌వేర్ సింథ్‌లకు, అంటే కరెంటుతో శబ్దం పుట్టించే వాద్యాలకు, ఈ గొడవ తక్కువ. అక్కడ కటాఫ్ నాబ్ కటాఫ్ కోసమే పుట్టింది, పక్కన పేరు అచ్చయి ఉంటుంది. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ని రోలాండ్ జూపిటర్-6తో కేబుల్ కలిపి చూపించినప్పుడు, ఒక కంపెనీ కీబోర్డు మీద నొక్కితే ఇంకో కంపెనీ వాద్యం మోగడమే పెద్ద విశేషం. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్టీ అనే ప్లగిన్ల పద్ధతి తెచ్చింది. 1999లో ఆ పద్ధతిలో వాద్యాలు కూడా కంప్యూటర్లోకి వచ్చాయి. అప్పటి నుంచి నాబ్ ఒక చోట, శబ్దం ఇంకో చోట. తెర మీద సింథ్‌కి వందల పారామీటర్లు, చేతికింద ఎనిమిది నాబ్‌లు. ఏ ఎనిమిదో ఎంచుకుని, ఎక్కడ రాసిపెట్టాలన్నది వాయించేవారి నెత్తిన పడింది.

పట్టిక ఉండగల చోట్లు మూడు. ఒకటి కంట్రోలర్ లోపలే. దాని ఎడిటర్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఐదో నాబ్ 20 కాదు, 74 పంపాలి అని మార్చొచ్చు. ఇక్కడ మార్చేది నంబరే, పారామీటర్ కాదు. రెండోది డీఏడబ్ల్యూ, అంటే ఏబుల్టన్ లైవ్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. మూడోది ప్లగిన్. రెండో చోటా మూడో చోటా పట్టిక రాసే పద్ధతి పైకి ఒకేలా కనిపిస్తుంది. తెర మీద నాబ్ ఎంచుకుని లెర్న్ అనాలి, చేతిలోని నాబ్ కాస్త తిప్పాలి, ముడి పడిపోతుంది. ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ సింథ్‌లో పారామీటర్ మీద రైట్ క్లిక్ కొడితే మిడి లెర్న్ కనిపిస్తుంది. కాంటాక్ట్ అనే ఇంకో ప్లగిన్‌లోనూ రైట్ క్లిక్కే. లైవ్‌లో కంట్రోల్-ఎమ్ నొక్కితే తెరలో చాలా భాగం నీలంగా మారి మ్యాపింగ్ మోడ్ తెరుచుకుంటుంది. చూడ్డానికి ఇంత సులువుగా ఉండటం వల్లే, ఏ రకం ముడి వేశామో ఆ క్షణాన ఎవరూ గమనించరు. తేడా తర్వాత బయటపడుతుంది.

ఎలా బయటపడుతుందో ఒక ఉదాహరణ. లైవ్‌లో మ్యాపింగ్ మోడ్ పెట్టి, కీబోర్డు మీది మాడ్యులేషన్ చక్రాన్ని ఒక సింథ్ ఫిల్టర్‌కి ముడి వేశారనుకోండి. బాగానే పనిచేస్తుంది. వారం తర్వాత అదే ప్రాజెక్టులో స్ట్రింగ్స్ ట్రాక్ తెరిచి చక్రం తిప్పితే వయొలిన్లలో చలనమే ఉండదు. పక్క ట్రాక్‌లో సింథ్ ఫిల్టర్ మాత్రం చప్పుడు లేకుండా కదులుతూ ఉంటుంది. లైవ్‌లో ఒక నంబర్‌ని మ్యాపింగ్‌కి వాడుకున్నాక ఆ సందేశం ట్రాక్‌లకి చేరదు. డీఏడబ్ల్యూ గుమ్మం దగ్గరే దాన్ని పట్టుకుని, చెప్పిన పని చేసి, అక్కడితో ఆపేస్తుంది. కీబోర్డు పాడైపోయిందని షాపుకి తీసుకెళ్ళే ముందు మ్యాపింగ్ మోడ్ తెరిచి జాబితా చూసుకుంటే రెండు నిమిషాల పని.

ప్లగిన్ లోపల వేసిన ముడి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. సందేశం మామూలు స్వరాల దారిలోనే ట్రాక్ గుండా ప్రయాణించి ప్లగిన్‌కి చేరాలి. ట్రాక్ ఆర్మ్ చేసి (రికార్డింగ్‌కి సిద్ధంగా) ఉండాలి, లేదా మానిటర్ ఆన్‌లో ఉండాలి. వేరే ట్రాక్ మీదికి వెళ్తే నాబ్ పని ఆగిపోతుంది. రెండు ట్రాక్‌లు ఒకేసారి ఆర్మ్ అయి ఉంటే రెండు ప్లగిన్లూ కదులుతాయి. డీఏడబ్ల్యూ ముడికి ఈ షరతులు మామూలుగా ఉండవు. ఏ ట్రాక్ ఎంచుకున్నా ఆ నాబ్ ఆ పారామీటర్‌నే పట్టుకుని ఉంటుంది. రీపర్‌లో మాత్రం ట్రాక్ ఎంచుకున్నప్పుడే పనిచెయ్యాలి అని టిక్ పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు. ఎనిమిది నాబ్‌లతో ఇరవై ట్రాక్‌లు నడిపేవాళ్ళకి ఆ చిన్న టిక్ చాలా విలువైనది.

ఇక దాచే సంగతి. లైవ్‌లో మ్యాపింగ్ ఆ ప్రాజెక్ట్ ఫైల్‌తోనే దాగుతుంది. కొత్త ప్రాజెక్ట్ తెరిస్తే పలక ఖాళీ. అన్ని చోట్లా కావాలంటే ముడులు వేసిన ప్రాజెక్టునే టెంప్లేట్‌గా దాచుకోవాలి. ఎఫ్ఎల్ స్టూడియోలో ఈ ప్రాజెక్టుకే చెందే లింకులు వేరు, ఎప్పుడూ ఉండే జనరిక్ లింకులు వేరు. సర్జ్‌లో మ్యాపింగ్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకోమనే మెనూ విడిగా ఉంటుంది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో తీరు. నిన్న పనిచేసింది ఇవాళ లేదు అనే ఫిర్యాదు వెనక దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది. పట్టిక నిన్నటి ఫైల్‌లో ఉండిపోయింది.

వీఎస్టీ3 ప్లగిన్లతో ఇంకో మెలిక ఉంది. పాత వీఎస్టీ2 ప్లగిన్‌కి మిడి సందేశాలు యథాతథంగా అందేవి. వీఎస్టీ3లో స్టైన్‌బర్గ్ ఆ పద్ధతి మార్చింది. కంట్రోలర్ సందేశం ప్లగిన్‌కి నేరుగా చేరదు. ఏ నంబర్‌కి తన దగ్గర ఏ పారామీటర్ ఉందో ప్లగిన్ ముందే చెప్పుకోవాలి, డీఏడబ్ల్యూ ఆ సందేశాన్ని పారామీటర్ మార్పుగా తర్జుమా చేసి ఇస్తుంది. ఆలోచన శుభ్రంగానే ఉంది. ఆచరణలో మాత్రం చాలామంది తయారీదారులు ఒక చిట్కా పట్టుకున్నారు. పదహారు ఛానెళ్ళకి, ఒక్కోదానికి నూట ముప్పై చొప్పున ఉత్తుత్తి పారామీటర్లు పెట్టి, వచ్చే ప్రతి నంబర్‌నీ వాటి ద్వారా లోపలికి లాక్కుంటారు. అందుకే కొన్ని ప్లగిన్ల పారామీటర్ జాబితా డీఏడబ్ల్యూలో తెరిస్తే అసలువి యాభై ఉంటే, మిడి సీసీ అనే పేరుతో రెండు వేల పైచిలుకు వరుసలు దొర్లుతూ ఉంటాయి. అవి చూసి ఏదో చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. చెడిపోలేదు గానీ, ముచ్చటగా కూడా లేదు.

డీఏడబ్ల్యూలో వెయ్యాలా, ప్లగిన్‌లో వెయ్యాలా అన్నప్పుడు చాలా వివరణలు మీకు నచ్చినట్టు చేసుకోండి అని తప్పుకుంటాయి. నిజానికి తేల్చే ప్రమాణం ఒకటుంది. ఈ కదలిక రికార్డ్ అయ్యాక ఎవరి సొత్తు కావాలి? ప్లగిన్ దారిలో వెళ్ళిన నాబ్ కదలిక స్వరాలతో పాటు మిడి క్లిప్ (రికార్డ్ అయిన ముక్క) లోపల కంట్రోలర్ డేటాగా పడుతుంది. డీఏడబ్ల్యూ దారిలో వెళ్ళింది ఆ ప్లగిన్ పారామీటర్ మీద ఆటోమేషన్ గీతగా, అంటే పాట సాగుతుంటే విలువ ఎలా మారాలో చూపే గీతగా, పడుతుంది. రేపు ఆ స్ట్రింగ్స్ ప్లగిన్ నచ్చక తీసేసి ఇంకోటి పెడితే ఆటోమేషన్ గీత పాత ప్లగిన్‌తోనే పోతుంది, ఎందుకంటే అది గీసింది ఆ ప్లగిన్ సొంత పారామీటర్ మీద. క్లిప్‌లో ఉన్న 1వ నంబర్, 11వ నంబర్ డేటా మాత్రం కొత్త ప్లగిన్‌కీ అర్థమవుతుంది. వాయించే తీరులో భాగమైనవి, అంటే శబ్దం హెచ్చుతగ్గులు, వైబ్రాటో (స్వరంలో వణుకు), ఊపిరి లాంటివి, కంట్రోలర్ డేటాగా ఉండటమే మేలు. ఒక పాటకి ఒక సింథ్ శబ్దాన్ని చెక్కే పనులు, అంటే రెండో చరణంలో ఫిల్టర్ తెరుచుకోవడం లాంటివి, ఆటోమేషన్‌గా ఉంటే తెర మీద కనిపిస్తాయి, మౌస్‌తో సవరించడం తేలిక. ఒకే పారామీటర్‌ని రెండు దారుల్లోనూ ముడి వెయ్యడం మాత్రం కోరి తెచ్చుకునే టెన్షన్. వెనక్కి ప్లే చేసేటప్పుడు గీత ఒక విలువ చెబుతుంది, క్లిప్ ఇంకోటి చెబుతుంది, నాబ్ వాటి మధ్య ఎగురుతూ ఉంటుంది.

హెచ్చుతగ్గుల మాట వచ్చింది కాబట్టి స్ట్రింగ్స్ లైబ్రరీల (నిజం వాద్యాల రికార్డింగులతో చేసిన ప్లగిన్ల) దగ్గర కాస్త ఆగాలి. వాల్యూమ్ లాంటివి అక్కడ మూడుంటాయి, మూడూ ఒకటే అనుకుంటే వాయించింది ప్లాస్టిక్‌లా వినిపిస్తుంది. శాంపిల్ లైబ్రరీల్లో 1వ నంబర్ సాధారణంగా డైనమిక్స్. వయొలిన్ బృందాన్ని మెల్లగా వాయించినప్పుడు ఒకసారి, గట్టిగా వాయించినప్పుడు ఒకసారి విడివిడిగా రికార్డ్ చేసి, 1వ నంబర్ పెరిగేకొద్దీ ఒక రికార్డింగ్ నుంచి ఇంకోదానిలోకి జారుస్తారు. మారేది శబ్దం పరిమాణం ఒక్కటే కాదు, దాని రంగు కూడా. కమాను తీగని గట్టిగా రుద్దినప్పటి గరుకుదనం వచ్చేది ఇక్కడే. 11వ నంబర్ ఎక్స్‌ప్రెషన్. అది వచ్చిన రంగుని అలాగే ఉంచి పరిమాణాన్ని మాత్రం పెంచి తగ్గిస్తుంది. 7వ నంబర్ వాల్యూమ్. అది మిక్సింగ్ చేసేవాళ్ళ సొత్తు, ఒకసారి పెట్టి వదిలెయ్యాలి. ఒక వాక్యం చివర స్వరం చల్లారాలంటే ముందు 1 తగ్గుతుంది, ఆ వెనకే 11 ఇంకా కిందికి దిగుతుంది. ఒక చెయ్యి కీల మీద ఉంటే, ఇంకో చేతి రెండు వేళ్ళు రెండు పక్కపక్క ఫేడర్ల మీద ఉండాలి. నాబ్‌లతో ఈ పని కుదరదు. ఒక నాబ్ తిప్పడానికే రెండు వేళ్ళు కావాలి. కంట్రోలర్ కొనేముందు ఎన్ని నాబ్‌లున్నాయని లెక్కపెట్టేవాళ్ళు ఎక్కువ. వాయించేది ఆర్కెస్ట్రా శబ్దాలైతే పక్కపక్కన ఉన్న రెండు పొడవాటి ఫేడర్లు పదహారు నాబ్‌ల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

నానోకంట్రోల్2 మామూలు ఏర్పాటులో ఇది కుదరదు. ఎందుకంటే ఫేడర్లు 7 దగ్గర ఆగిపోతాయి, 11 ఎక్కడా లేదు. కోర్గ్ వాళ్ళ ఎడిటర్ తెరిచి మొదటి రెండు ఫేడర్లని 1, 11గా మార్చుకోవాలి. ఎనిమిదో ఫేడర్ 7 దగ్గరే ఉండిపోతే చెయ్యి తగిలినప్పుడల్లా వాల్యూమ్ మారుతుంది కాబట్టి మిగతా ఆరింటినీ నాబ్‌ల నంబర్లు దాటి 24 నుంచి 31 లోపుకి తరిమెయ్యాలి. ప్రమాణంలో 20 నుంచి 31 వరకు, 102 నుంచి 119 వరకు ఏ అర్థమూ కేటాయించలేదు. సొంత ముడులకి ఇవే ఖాళీ స్థలాలు. అయినా కబ్జాదారులు లేకపోలేదు. స్పిట్‌ఫైర్ కంపెనీ లైబ్రరీల్లో చాలావాటికి 21 వైబ్రాటో. ఈ స్థలాల బయట కూడా చూసుకోవాలి: సర్జ్‌లో ఎనిమిది మాక్రోలు (ఒక్కటి తిప్పితే అనేక పారామీటర్లు కదిలించేవి) 41 నుంచి 48 వరకు ముందే కూర్చుని ఉంటాయి. 120 నుంచి 127 వరకు అసలు ముట్టుకోకూడదు. అవి కంట్రోలర్లే కావు, ఆజ్ఞలు. 123 అంటే మోగుతున్న స్వరాలన్నీ ఆపెయ్ అని. పొరపాటున ఒక నాబ్‌కి ఆ నంబర్ తగిలితే, తిప్పినప్పుడల్లా పాట గొంతు నొక్కేసినట్టు ఆగుతుంది.

లెర్న్ చేసేటప్పుడు తప్పు నంబర్ పడటం ఇంకో చికాకు. పాతబడ్డ ఫేడర్ ఎవరూ ముట్టుకోకపోయినా రెండు విలువల మధ్య ఊగిసలాడుతూ 63, 64, 63 అని పంపుతూనే ఉంటుంది. లెర్న్ మొదటగా వచ్చిన సందేశాన్ని పట్టుకుంటుంది కదా. మీరు నాబ్ మీద చెయ్యి వేసేలోపే ఆ ఫేడర్ వచ్చి కూర్చుంటుంది. కీల మీద చెయ్యి ఆనించి ఉంచి లెర్న్ నొక్కినా ఇలాంటిదే జరగొచ్చు. తెర మీద ఏ నంబర్ పడిందో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. కంట్రోలర్ అసలు ఏం పంపుతోందో చూపించే మిడి మానిటర్ ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. పట్టిక ఎక్కడుందో వెతికే ముందు చూడాల్సింది అది.

సరే, ముడి సరిగ్గా పడింది. ఫిల్టర్ కటాఫ్ నెమ్మదిగా తెరుస్తుంటే జారుగా కాకుండా మెట్లెక్కినట్టు వినిపిస్తుంది. దీనికి కారణం ఆ 127. లెక్క చూద్దాం. కటాఫ్ 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది అనుకుంటే, అది ఇంచుమించు పది స్థాయిలు (ఆక్టేవ్‌లు), అంటే దాదాపు 120 స్వరస్థానాల దూరం. దాన్ని 127 అంగలకి పంచితే ఒక్కో అంగ దాదాపు ఒక స్వరస్థానమంత వస్తుంది. షడ్జం నుంచి శుద్ధ రిషభానికి ఎంత దూరమో అంత. రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి శబ్దాన్ని ఉబ్బించేది) ఎక్కువగా పెట్టి ఉంటే ఫిల్టర్ తానే ఒక స్వరంలా మోగుతుంది కాబట్టి ఆ మెట్లు హార్మోనియం మెట్ల మీద వేలు జార్చినట్టు విడివిడిగా వినిపిస్తాయి. మంచి ప్లగిన్లు వచ్చిన విలువకి ఒక్కసారిగా దూకకుండా కొన్ని మిల్లీసెకన్లలో జారేలా సర్దుకుంటాయి. అది చాలావరకు సరిపోతుంది, నాబ్ అతి నెమ్మదిగా తిప్పినప్పుడు మాత్రం బయటపడుతుంది.

రెండు నంబర్లు జతచేసి 16,384 అంగలు పంపే ఏర్పాటు మిడి ప్రమాణంలో మొదటినుంచీ ఉంది. 0 నుంచి 31 వరకు ఉన్న ప్రతి కంట్రోలర్‌కీ 32 నుంచి 63లో ఒక తోడు ఉంటుంది. అలా పంపే కంట్రోలర్లు, దాన్ని అర్థం చేసుకునే ప్లగిన్లు రెండూ తక్కువ. అంతకన్నా చవకైన మందు ఒకటుంది, చాలామంది వాడరు. అదే పరిధి తగ్గించడం. పాటలో ఆ ఫిల్టర్ నిజంగా తిరిగేది 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్యే అయితే నాబ్ మొత్తాన్ని ఆ ముక్కకే కేటాయించాలి. పది స్థాయిలు కాస్తా మూడుంబావు అవుతాయి, అంగ మూడోవంతుకి తగ్గుతుంది. లైవ్‌లో మ్యాపింగ్ జాబితాలో ప్రతి ముడికీ కనిష్ఠం, గరిష్ఠం రాసుకునే గళ్ళున్నాయి. కాంటాక్ట్‌లోనూ ఆటోమేషన్ ట్యాబ్‌లో ఇన్ని శాతం నుంచి ఇన్ని శాతం వరకు అని పెట్టొచ్చు. కనిష్ఠంలో పెద్ద అంకె, గరిష్ఠంలో చిన్న అంకె పెడితే నాబ్ తిరగబడి పనిచేస్తుంది. ఒకే నాబ్‌తో ఫిల్టర్ తెరుస్తూ రివర్బ్ తగ్గించడం అలా వస్తుంది. స్టేజీ మీద వాయించేవాళ్ళకి దీనివల్ల ఇంకో లాభం ఉంది. కంగారులో నాబ్ చివరిదాకా తిప్పేసినా శబ్దం చెవులు చిల్లులు పొడిచే చోటికి వెళ్ళదు.

ఆ తర్వాతి చిక్కు ప్రీసెట్ (ముందే తయారుచేసి దాచిన శబ్దం) మార్చినప్పుడు వస్తుంది. చేతిలో నాబ్ 20 దగ్గర ఉంది. కొత్త ప్రీసెట్‌లో తెర మీది కటాఫ్ 100 దగ్గర ఉంది. నాబ్‌ని ఒక్క వెంట్రుకవాసి కదిపినా అది 21 పంపుతుంది. కటాఫ్ 100 నుంచి 21కి ఒక్కసారిగా పడిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి. ఏమీ చెయ్యకుండా దూకనివ్వడం ఒకటి. నాబ్ తిరుగుతూ తెర మీది విలువని దాటేదాకా దాన్ని పట్టించుకోకపోవడం రెండోది, పికప్ అంటారు. మిగిలిన దూరాన్ని దామాషాగా పంచుతూ మెల్లగా కలుసుకునేలా చెయ్యడం మూడోది. లైవ్‌లో ఈ మూడూ ఉన్నాయి, రీపర్‌లో సాఫ్ట్ టేకోవర్ అనే టిక్ ఉంది. ఇంట్లో కూర్చుని శబ్దాలు తయారుచేసుకునేవారికి పికప్ బాగుంటుంది. స్టేజీ మీద అదే పికప్ నాబ్ చచ్చిపోయినట్టు అనిపించి చెమటలు పట్టిస్తుంది, పల్లవి అయిపోయేదాకా ఆ విలువని పట్టుకోలేకపోవచ్చు. ప్రత్యక్షంగా వాయించేటప్పుడు దామాషా పద్ధతికే ఓటెయ్యాలి.

అంతు లేకుండా తిరిగే ఎన్‌కోడర్లు ఈ చిక్కుని మొదలంట తీసేస్తాయి. అవి ఉన్న చోటు చెప్పవు, ఎటువైపు ఎంత తిరిగాయో చెబుతాయి. ఎక్కడినుంచైనా ఒకటి పెంచు, ఒకటి తగ్గించు అన్నట్టు. ఇక్కడ ఒక పాత రోత మాత్రం మిగిలిపోయింది. ఒకటి తగ్గించు అనే మాటని తయారీదారులు మూడు భాషల్లో చెబుతారు. ఒకరు 127 పంపుతారు, ఇంకొకరు 63 పంపుతారు, మరొకరు 65 పంపుతారు. రెండో పద్ధతిలో 65 అంటే ఒకటి పెంచు అని అర్థం. కంట్రోలర్ ఒక పద్ధతిలో పంపుతూ, డీఏడబ్ల్యూ ఇంకో పద్ధతిలో చదివితే నాబ్ ఎటు తిప్పినా పారామీటర్ ఒకే వైపు పరుగెత్తుతుంది, లేదా ఒక్క అంగకి అరవై అంగలు దూకుతుంది. రీపర్‌లో రిలేటివ్ 1, 2, 3 అని ఉన్నవి ఈ మూడు భాషలే. ఏది సరైనదో ఆలోచించే బదులు మూడూ మార్చి చూడటమే త్వరగా తేలుతుంది.

కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద వాయించేవారికి ఈ మ్యాపింగ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది పిచ్ బెండ్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం. ఇది కంట్రోల్ ఛేంజ్ కుటుంబానికి చెందింది కాదు, దీనికి సొంత సందేశం ఉంది. అది పుట్టుకతోనే 16,384 అంగలది కాబట్టి మెట్ల గొడవ లేదు. అసలు సంగతి పరిధి. చాలా ప్లగిన్లలో మామూలుగా అది పైకి రెండు స్వరస్థానాలు, కిందికి రెండు. తోడి రాగంలోని గాంధారాన్నే తీసుకోండి. సాధారణ గాంధారం కీ నొక్కి చక్రం చివరిదాకా కిందికి లాగితే శుద్ధ రిషభం, పైకి తోస్తే శుద్ధ మధ్యమం. ఆ గాంధారం ఊగే దారి సరిగ్గా ఇందులో పడుతుంది. అదే షడ్జం నుంచి పంచమానికి ఒక జారు వెయ్యాలంటే ఏడు స్వరస్థానాలు కావాలి, ఈ పరిధి చాలదు. ప్లగిన్‌లో పరిధి 12కి పెంచితే జారు వస్తుంది గానీ, రెండుకి అలవాటు పడ్డ బొటనవేలు ఇప్పుడు చక్రాన్ని ఆరో వంతే కదపాలి, కంపితం అదుపు తప్పుతుంది. రెండూ ఒకే చక్రంతో కావాలనుకోవడం అత్యాశ. పరిధి రెండుగా ఒక ట్రాక్, పన్నెండుగా ఇంకో ట్రాక్ పెట్టుకుని మారుతూ వాయించడం మధ్యేమార్గం.

మరో అడ్డు ఉంది. మామూలు మిడిలో పిచ్ బెండ్ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఎడమచేత్తో శ్రుతి కోసం షడ్జం నొక్కి పెట్టి, కుడిచేత్తో గాంధారాన్ని కదిపితే షడ్జం కూడా దానితో పాటు ఊగుతుంది. శ్రుతే ఊగితే ఇక సంగీతం ఎక్కడిది! శ్రుతిని వేరే ట్రాక్‌లో పెట్టుకోవడం పాత చిట్కా. 2018లో ప్రమాణంగా వచ్చిన ఎంపీఈ పద్ధతి ఒక్కో స్వరాన్ని ఒక్కో ఛానెల్‌లో పంపి ఈ ముడి విప్పింది. దానికి తగిన కంట్రోలర్ ఉండాలి, ప్లగిన్‌లో ఎంపీఈ ఆన్ చెయ్యాలి, రెండు వైపులా బెండ్ పరిధి ఒకటే ఉండాలి. ఎంపీఈలో ఒక్కో స్వరానికి మామూలు పరిధి 48 స్వరస్థానాలు. ప్లగిన్ ఇంకా రెండు దగ్గరే ఉండిపోతే ఎంత జార్చినా స్వరం ఉన్నచోటే ఉన్నట్టు అనిపిస్తుంది. 2020లో ప్రకటించిన మిడి 2.0లో కంట్రోలర్ విలువలు 32 బిట్లకి పెరిగాయి, పరికరాలు తమ పారామీటర్ల పేర్లు ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటూ ఉంది. అది బల్లల మీదికి పూర్తిగా చేరేదాకా 0 నుంచి 127తోనే కాపురం.

ఇంతా చేసి ఎనిమిది నాబ్‌లకి ఏం ఇవ్వాలి? మొదటి రోజు ఉత్సాహంలో ప్రతి ప్లగిన్‌కీ వేరే మ్యాపింగ్ వేసుకుంటే, పదో రోజుకి ఏ నాబ్ ఏదో గుర్తుండక మళ్ళీ మౌసే దిక్కవుతుంది. నాబ్‌లకి స్థానబలం ఉండాలి. ఏ సింథ్ తెరిచినా మొదటిది కటాఫ్, రెండోది రెజొనెన్స్, మూడు అటాక్ (శబ్దం ఎంత త్వరగా లేస్తుందో), నాలుగు రిలీజ్ (కీ వదిలాక ఎంతసేపట్లో చల్లారుతుందో). ప్రమాణంలో వీటికి 74, 71, 73, 72 అని నంబర్లు కూడా ఉన్నాయి, కొన్ని సింథ్‌లు అడక్కుండానే వాటికి పలుకుతాయి. మిగిలిన నాలుగూ మాక్రోలకి వదిలితే ప్రీసెట్ తయారుచేసినవాళ్ళు అందులో ఏం దాచారో ఆ మాక్రోల ద్వారా చేతికొస్తుంది. పెద్ద స్టూడియోల్లో మిక్సింగ్ కన్సోల్ ఫేడర్ల కింద మాస్కింగ్ టేప్ అంటించి స్కెచ్ పెన్నుతో పేర్లు రాస్తారు, సెషన్ అయ్యాక పీకేస్తారు. ఎనిమిది నాబ్‌ల పలకకి ఒక జానెడు టేపు చాలు.